కొన్న కుక్కపిల్లను మరో ఇంటికి ఇవ్వడం: బ్రీడరుతో వచ్చే తగాదాలు

జాతి కుక్కపిల్లను డబ్బు పెట్టి కొన్న కొద్ది రోజులకో, కొద్ది నెలలకో ఇక ఉంచుకోలేమని తేలినప్పుడు దాన్ని ఎవరికివ్వాలి, ఎలా ఇవ్వాలి అన్న దగ్గర కొన్నవారికీ అమ్మిన బ్రీడరుకూ మధ్య వచ్చే వివాదాలు ఈ వ్యాసానికి విషయం. ఇవి రెండు వైపుల నుంచీ మొదలవుతాయి. పిల్లను వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వమని కొన్నవారు అడిగితే బ్రీడరు ససేమిరా అనడం ఒక రకం. బ్రీడరుకు మాటమాత్రమైనా చెప్పకుండా కుక్కను బంధువులకో, ప్రకటన చూసి వచ్చినవారికో ఇచ్చేస్తే, దాన్ని వెనక్కి తెచ్చివ్వమనీ లేదా జరిమానా కట్టమనీ బ్రీడరు పట్టుబట్టడం రెండో రకం. రాతకోతలు లేని అమ్మకాలే ఎక్కువైన మన దేశంలో మొదటి రకం తరచు కనిపిస్తుంది. అమ్మేటప్పుడే ఒప్పందం మీద సంతకం తీసుకునే అలవాటున్న అమెరికా, బ్రిటన్లలో రెండోది తరచు కనిపిస్తుంది.

రెండింటి అడుగునా ఉన్న ప్రశ్న ఒక్కటే. అమ్మకం పూర్తయ్యాక కూడా ఆ కుక్క విషయంలో అమ్మినవారి మాటకు చోటుంటుందా? రాసుకుంటే కొంత ఉంటుంది, రాసుకోకపోతే దాదాపు ఉండదు, కుక్క మూడో మనిషి చేతికి వెళ్ళిపోయాక రాసుకున్నది కూడా చాలావరకు డబ్బు లెక్కగా మిగులుతుంది. దేశాల చట్టాలు వేరైనా తేలేది ఇంచుమించు ఇదే.

తగాదా ఎందుకు పుడుతుంది

కుక్కపిల్ల సాధారణంగా 8 వారాల వయసు దాటాక కొత్త ఇంటికి వస్తుంది. మొదటి కొన్ని వారాలు రాత్రిళ్ళు ఏడుస్తుంది, ఇల్లు పాడుచేస్తుంది, పళ్ళు వచ్చే దశ కాబట్టి దొరికినదల్లా కొరుకుతుంది. తల్లినీ తోబుట్టువులనూ వదిలి వచ్చిన పసిదానికి ఇదంతా సహజం. పిల్లలు మారాం చేశారని కొన్న ఇంట్లో, పగలంతా ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో ఈ వారాలు భరించలేనివిగా తోస్తాయి. ఎవరికో ఎలర్జీ బయటపడుతుంది, బదిలీ వస్తుంది, ఇంట్లో కానుపు వస్తుంది, ముసలి తల్లిదండ్రులు కుక్కకు కాలు తట్టి పడిపోతారేమోనన్న భయం పుడుతుంది. చలిదేశపు పని కోసం తయారైన సైబీరియన్ హస్కీని హైదరాబాదు, విజయవాడ ఎండల్లో మూడో అంతస్తు ఫ్లాటులో పెంచలేక చేతులెత్తేసేవారూ ఉన్నారు. ఈ చివరి సందర్భంలో తప్పు కొన్నవారిది ఎంతో, ఎక్కడ పెంచుతారని ఒక్క మాట అడగకుండా అమ్మిన బ్రీడరుదీ అంతే.

అపార్టుమెంటు సంఘం వద్దన్నదని కుక్కను వదిలించుకోవాలనుకునేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. నివాసుల సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015 ఫిబ్రవరిలో మార్గదర్శకాలిచ్చింది. అరుపుల వల్ల, అపరిశుభ్రత వల్ల ఇబ్బంది ఉంటే దాన్ని సరిచేయమని సంఘం అడగవచ్చు గానీ, కుక్కనే వద్దని తీర్మానం చేసి బలవంతపెట్టడానికి వీల్లేదు. ఇది తెలియక కుక్కను పంపించేసిన కుటుంబాలున్నాయి.

బ్రీడరు వైపు నుంచి చూస్తే సంగతి వేరుగా కనబడుతుంది. బాధ్యతగా కుక్కలను పెంచేవారు జతను చూసి ఎంచుకుంటారు, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటి జాతుల్లో తుంటి కీలు లోపం పిల్లలకు దిగకుండా ముందే ఎక్స్‌రేలు తీయిస్తారు, పుట్టిన ప్రతి పిల్ల ఎవరింట్లో ఉందో గుర్తుపెట్టుకుంటారు. తాము ఎంచి ఇచ్చిన ఇల్లు కాకుండా ముక్కూ మొహం తెలియని మరో ఇంటికి పిల్ల వెళ్ళిందంటే వాళ్ళ మనసు కుదురుగా ఉండదు. అది పిల్లల కోసమే ఆడ కుక్కలను బోనుల్లో పెట్టి ఈనించే వ్యాపారి చేతిలో పడవచ్చు, షెల్టరుకు చేరవచ్చు. ఇందులో వ్యాపార ప్రయోజనమూ లేకపోలేదు. తన కెన్నెల్ రక్తం పోటీదారు దగ్గరికి వెళ్ళకూడదనీ, తాను పెద్ద ధరకు అమ్మిన జాతి పిల్లలు సగం ధరకు ప్రకటనల్లో కనబడకూడదనీ బ్రీడరు అనుకుంటారు. కుక్క మీది ప్రేమనూ మార్కెట్ మీది పట్టునూ ఒకే షరతులో కలిపి రాయడం వల్లే ఈ తగాదాలు ముదురుతాయి.

ఒప్పందాల్లో ఉండే షరతులు

అమెరికాలో, బ్రిటన్లో పేరున్న బ్రీడర్ల ఒప్పందాల్లో తరచు కనిపించేది, కుక్కను ఉంచుకోలేకపోతే దాని జీవితకాలంలో ఎప్పుడైనా సరే తమకే తిరిగి ఇవ్వాలన్న షరతు. దీనికంటే కొంచెం మెత్తనిది, ముందు తమనే అడగాలన్న హక్కు. మరొకరికి ఇచ్చే ముందు బ్రీడరుకు తెలియజేయాలి, ఫలానా గడువులోగా వాళ్ళు వద్దంటేనే ఇతరులకివ్వాలి. రెండూ ఒకటే అనిపించినా వాటి మధ్య తేడా పెద్దది. మొదటి దానిలో కొన్నవారికి కొత్త ఇల్లు వెతికే స్వేచ్ఛే లేదు, రెండో దానిలో స్వేచ్ఛ ఉంది, వరుసలో బ్రీడరు ముందుంటారు. వెనక్కి ఇస్తే డబ్బు సంగతేమిటో చాలా ఒప్పందాలు చెప్పవు. కొన్న రెండు మూడు రోజుల్లో పశువైద్యుడికి చూపించి జబ్బు తేలితే పూర్తి డబ్బు, ఆ తర్వాత అయితే ఏమీ రాదు అని కొన్ని రాస్తాయి. వెనక్కి వచ్చిన కుక్కను బ్రీడరు మళ్ళీ అమ్మితే ఖర్చులు పోను వచ్చిన దానిలో వాటా ఇస్తామని మరికొన్ని రాస్తాయి. చివరిదే న్యాయం. పూర్తి ధరకు అమ్మిన కుక్కను ఉచితంగా వెనక్కి తీసుకుని, మళ్ళీ పూర్తి ధరకు అమ్ముకునే షరతును కుక్క సంక్షేమం పేరుతో సమర్థించలేం.

నమోదు కాగితాలు మరో పట్టు. 1884లో ఏర్పడిన అమెరికన్ కెన్నెల్ క్లబ్‌లో పరిమిత నమోదు అనే పద్ధతి ఉంది. ఆ నమోదు ఉన్న కుక్కకు పుట్టిన పిల్లలను క్లబ్ నమోదు చేయదు, దాన్ని పూర్తి నమోదుగా మార్చే అధికారం బ్రీడరుకే ఉంటుంది. 1873లో లండన్‌లో పుట్టిన కెన్నెల్ క్లబ్‌లో బ్రీడరు రెండు రకాల ఆంక్షలు పెట్టవచ్చు, పిల్లలను నమోదు చేయకూడదని ఒకటి, విదేశానికి పంపేందుకు వంశపత్రం ఇవ్వకూడదని ఒకటి. అమ్మే నాటికే కొన్నవారు ఆ ఆంక్షను ఒప్పుకుంటూ సంతకం చేసి ఉండాలి. కొందరు బ్రీడర్లు తమ పేరును సహ యజమానిగా ఉంచుకుంటారు. ప్రదర్శనలకు తీసుకెళ్ళే కుక్కల్లో ఇది మామూలే గానీ, ఇంట్లో పెంచుకునే కుక్కకు సహ యజమాని ఉండటం కొన్నవారికి ముందు ముందు తలనొప్పి అవుతుంది. మరో ఇంటికి ఇవ్వాలన్నా, కాగితం మీద పేరు మార్చాలన్నా రెండో సంతకం కావాలి.

ఇక జరిమానా షరతు. చెప్పకుండా ఇస్తే ఇంత మొత్తం కట్టాలని ఒప్పందంలో అంకె వేసి రాస్తారు. బెదిరించడానికి పనికివచ్చినంతగా ఇది వసూలుకు పనికిరాదు. ఎందుకో భారతీయ చట్టం దగ్గర చెప్పుకుందాం.

ఇగ్గీ ఉదంతం

ఈ రకం వివాదాల్లో ప్రపంచమంతా చూసినది 2007 అక్టోబరులో అమెరికాలో జరిగింది. అందులో కుక్కను ఇచ్చినది బ్రీడరు కాదు, కుక్కలను దత్తతకిచ్చే సంస్థ. షరతు మాత్రం బ్రీడర్లు రాసుకునేదే. టెలివిజన్ వ్యాఖ్యాత ఎలెన్ డిజెనెరస్, ఆమె భాగస్వామి పోర్షియా డి రోసి కాలిఫోర్నియాలోని పసడెనాకు చెందిన మట్స్ అండ్ మామ్స్ సంస్థ నుంచి ఇగ్గీ అనే బ్రసెల్స్ గ్రిఫాన్ సంకర కుక్కపిల్లను తెచ్చుకున్నారు. అది ఇంట్లోని పిల్లులతో కుదురుకోలేదు. డిజెనెరస్ దాన్ని తన కేశాలంకరణ చేసే ఆమె కుటుంబానికి ఇచ్చేశారు. ఆ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, కుక్క వాళ్ళకు బాగా మాలిమి అయింది. అయితే ఉంచుకోలేకపోతే సంస్థకే తిరిగి ఇవ్వాలని ఒప్పందంలో ఉంది. సంస్థ వాళ్ళు ఆ ఇంటికి వెళ్ళి ఇగ్గీని తీసుకెళ్ళిపోయారు. 14 ఏళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళకు చిన్న కుక్కలను ఇవ్వకపోవడం తమ నియమమని చెప్పారు.

డిజెనెరస్ తన కార్యక్రమంలోనే కన్నీళ్ళు పెట్టుకుని, తప్పు తనదేననీ, శిక్ష ఆ పిల్లలకు వేయవద్దనీ వేడుకున్నారు. దేశం రెండుగా చీలింది. సంస్థ నడిపేవారికి బెదిరింపులు వచ్చాయి. చివరికి ఇగ్గీ ఆ పిల్లల దగ్గరికి రాలేదు, మరో కుటుంబానికి వెళ్ళింది.

ఈ ఉదంతంలో ఒప్పందం ప్రకారం సంస్థ వైపు బలముంది. అయినా అది నెగ్గిన తీరు కుక్కకు గానీ, పిల్లలకు గానీ మేలు చేయలేదు. కొత్త ఇంటిని పరిశీలించి, బాగుందనిపిస్తే తమ నియమాన్ని సడలించి అదే ఇంటి పేరున కాగితాలు మార్చి ఉండవచ్చు. తిరిగి ఇవ్వాలన్న షరతు కుక్కకు మంచి ఇల్లు దొరకడం కోసం పెట్టుకున్నది. ఆ ఇల్లు అప్పటికే దొరికి ఉంటే, అక్షరం పట్టుకుని దాన్ని అక్కడి నుంచి లాగడం షరతు ఉద్దేశానికే విరుద్ధం.

అమెరికా, ఐరోపా చట్టాలు

అమెరికా రాష్ట్రాల వాణిజ్య చట్టం దృష్టిలో కుక్క సరుకు. సరుకు అప్పగించాక కూడా యాజమాన్యం నాదేనని అమ్మినవారు రాసుకుంటే, ఏకరూప వాణిజ్య స్మృతి 2-401 సెక్షన్ దాన్ని యాజమాన్యంగా ఒప్పుకోదు, అప్పుకు తనఖా వంటి హక్కుగా మాత్రమే చూస్తుంది. కాబట్టి జీవితాంతం కుక్క నాదే అనే వాక్యం చదవడానికి ఎంత గంభీరంగా ఉన్నా న్యాయస్థానంలో చాలావరకు తేలిపోతుంది. మిగిలేది ఒప్పంద ఉల్లంఘన దావా. అందులో సాధారణంగా వచ్చేది నష్టపరిహారం. వస్తువు అరుదైనదైతే దాన్నే అప్పగించమని ఆదేశించే అధికారం 2-716 సెక్షన్ కింద న్యాయమూర్తికి ఉంది. కుక్క ఆ కోవలోకి వస్తుందా అన్నదే వాదన. విడిపోయిన ఒక జంట డెక్స్టర్ అనే పగ్ కోసం తగాదాపడిన హౌస్‌మన్ వర్సెస్ డేర్ కేసులో న్యూజెర్సీ అప్పీలు న్యాయస్థానం 2009లో, పెంపుడు జంతువుకు యజమాని దృష్టిలో ప్రత్యేక విలువ ఉంటుందనీ, మాట ఇచ్చిన ప్రకారం దాన్నే అప్పగించమని ఆదేశించవచ్చనీ చెప్పింది. ఆ తర్కం బ్రీడర్ల వాదనకూ పనికొస్తుంది, కుక్క ఇంకా కొన్నవారి దగ్గరే ఉన్నంత వరకు. సంగతి తెలియక డబ్బిచ్చి కొనుక్కున్న మూడో మనిషి దగ్గరికి వెళ్ళిపోతే ఆ దారి దాదాపు మూసుకుపోతుంది.

అక్కడ ఇరవైకి పైగా రాష్ట్రాల్లో జబ్బు కుక్కపిల్లల అమ్మకంపై ప్రత్యేక చట్టాలున్నాయి. న్యూయార్క్‌లో జబ్బు బయటపడటానికి 14 పనిదినాలు, పుట్టుకతో వచ్చిన లోపానికి 180 రోజులు గడువు. కాలిఫోర్నియాలో అవి 15 రోజులు, ఒక సంవత్సరం. ఏటా కొద్ది పిల్లలనే అమ్మే ఇంటి బ్రీడర్లు చాలాచోట్ల వీటి పరిధిలోకి రారు. మనసు మారినందుకు డబ్బు తిరిగి ఇప్పించే చట్టం వీటిలో ఏదీ కాదు. ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే సగం తగాదాలు మొదలే కావు.

బ్రిటన్‌లో అమ్మినవారు వ్యాపారిగా అమ్మారా, ఇంట్లో పుట్టిన పిల్లలను ఒకసారి అమ్మారా అన్నది ముఖ్యం. వ్యాపారి అయితే 2015 వినియోగదారుల హక్కుల చట్టం కింద లోపమున్న పిల్లను 30 రోజుల్లో తిరస్కరించి డబ్బు వెనక్కి అడగవచ్చు. ఆరు నెలల లోపు బయటపడిన లోపం అమ్మేనాటికే ఉన్నట్టు భావించి మరమ్మతో మార్పిడో అడగవచ్చు. ఇంగ్లండులో 2020 ఏప్రిల్ 6 నుంచి అమల్లోకి వచ్చిన లూసీ చట్టం ఆరు నెలల లోపు పిల్లలను మధ్యవర్తులు అమ్మడాన్ని నిషేధించింది. దానివల్ల కొనేవారు నేరుగా బ్రీడరు ఇంటికి వెళ్ళి తల్లి కుక్కను చూసి కొంటారు. ఆ పరిచయమే తర్వాత తగాదా రాకుండా చాలావరకు ఆపుతుంది. మైక్రోచిప్ విషయంలో అక్కడి ప్రజలు ఒక పొరపాటు పడుతుంటారు. చిప్ జాబితాలో ఉండే పేరు కుక్కను సాకుతున్నవారిది, యజమానిదని దానితోనే రుజువు కాదు. బ్రీడరు పేరు మార్చకుండా వదిలేసిన చిప్ చూపించి కుక్క తమదేననడం కుదరదు.

జర్మనీ పౌర స్మృతికి 1990లో చేర్చిన 90-ఏ సెక్షన్, జంతువులు వస్తువులు కావంటుంది, వేరే నియమం లేనిచోట వస్తువుల నియమాలే వర్తిస్తాయనీ అంటుంది. అదే స్మృతిలోని 137వ సెక్షన్ మన విషయానికి సూటిగా సరిపోతుంది. ఆస్తిని ఇతరులకిచ్చే అధికారాన్ని ఒప్పందంతో తీసేయలేం, ఇవ్వనని ఇచ్చిన మాట మాత్రం మాట ఇచ్చినవారిని కట్టిపడేస్తుంది. అంటే మరొకరికి ఇచ్చిన అమ్మకం చెల్లుతుంది, ఇచ్చినవారు పరిహారం చెల్లించాల్సి రావచ్చు. ఇంత స్పష్టంగా ఈ చిక్కుముడిని విప్పిన వాక్యం మరో దేశపు చట్టంలో దొరకడం కష్టం.

ఫ్రాన్స్‌లో డెల్గాడో అనే బిషాన్ ఫ్రీజ్ కుక్కపిల్లకు కంటిశుక్లాలు బయటపడ్డాయి. చికిత్స ఖర్చు కంటే కుక్కను మార్చి ఇవ్వడం చౌక కాబట్టి మరో పిల్లను ఇస్తానని బ్రీడరు వాదించారు. 2015 డిసెంబరు 9న అక్కడి అత్యున్నత న్యాయస్థానం ఆ వాదనను తోసిపుచ్చింది. కుక్క ప్రాణమున్న జీవి, దానికి అదే సాటి, కొన్నవారు దాని నుంచి కోరుకున్నది అనుబంధం, కాబట్టి మార్పిడి అన్న ప్రశ్నే లేదని చెప్పింది. కొన్నవారి పక్షాన వచ్చిన ఈ తీర్పు, మనసు మార్చుకున్న కొనుగోలుదారు కూడా చదవదగ్గది. మార్చి ఇవ్వలేనిది కాబట్టే కొనే ముందు ఆలోచించాలి. 2021 నవంబరులో ఫ్రాన్స్ చేసిన చట్టం దీన్ని నియమంగానే మార్చింది. కుక్కనో పిల్లినో పొందబోయేవారు దాని అవసరాలు తెలుసుకున్నామని ఒక పత్రం మీద సంతకం చేయాలి, ఆ సంతకానికీ కుక్క చేతికి రావడానికీ మధ్య 7 రోజులు గడవాలి. ఇలాంటి నియమం మన దగ్గరా రావాలి.

భారతదేశంలో

మన దేశంలో బ్రీడర్లకు వర్తించే ముఖ్యమైన నిబంధనలు, జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం కింద 2017 మే నెలలో వచ్చిన కుక్కల పెంపకం, అమ్మకం నియమాలు. వీటి ప్రకారం ప్రతి బ్రీడరూ రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కావాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అమ్మే పిల్లకు మైక్రోచిప్ ఉండాలి, ఎవరికి అమ్మారో వివరాలు రాసి ఉంచాలి. అమ్మిన పిల్ల ఎలా ఉందో ఏడాదికి ఒకసారైనా బ్రీడరు కనుక్కోవాలని కూడా ఈ నియమాలు చెబుతాయి. బ్రీడరు బాధ్యత అమ్మకంతో తీరిపోదని మన చట్టం ఒప్పుకున్న చోటు ఇదే. అయితే కనుక్కునే బాధ్యత ఇచ్చింది గానీ, కుక్కను వెనక్కి తీసుకునే హక్కు ఇవ్వలేదు.

ఆచరణ దీనికి చాలా దూరం. హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడల్లో అమ్మకాలు చాలావరకు ఫోనులో ఫోటో చూసి, ఫోన్‌పేలో అడ్వాన్సు కొట్టి జరిగిపోతాయి. రసీదు ఉండదు, లైసెన్సు నంబరు ఎవరూ అడగరు. "పేపర్లున్న" పిల్లకు ఒక ధర, లేని దానికి ఒక ధర. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా కాగితాలు నెలలో వస్తాయని చెప్పి, కొన్నవారు తిరిగి ఫోను చేసేసరికి మాట మార్చేవారున్నారు. కుక్కను వేరే ఇంటికి ఇవ్వాల్సి వచ్చినప్పుడు ఈ కాగితమే అడ్డం తిరుగుతుంది. క్లబ్ నమోదులో బ్రీడరు పేరే ఉండిపోతే, కొత్తవారి పేరుకు మార్చడానికి ఆయన సంతకం కావాలి, అప్పుడు ఆయన చెప్పిందే వేదం.

చట్టం దగ్గరకొస్తే, 1930 నాటి వస్తు విక్రయ చట్టం కింద మన దగ్గరా కుక్క చరాస్తి. ఆ చట్టం 42వ సెక్షన్లో కొనుగోలుదారులు చాలామంది గమనించని మెలిక ఉంది. సరుకును తిరస్కరిస్తున్నామని చెప్పకుండా సహేతుకమైన కాలం మించి ఉంచుకున్నా, అమ్మినవారి యాజమాన్యానికి పొసగని పని ఏదైనా చేసినా, సరుకును అంగీకరించినట్టే. కుక్కను మరొకరికి ఇచ్చేయడం అలాంటి పనే. కాబట్టి పిల్ల జబ్బుతో వచ్చిందనో, చెప్పిన జాతి కాదనో డబ్బు వెనక్కి కావాలనుకునేవారు, ముందు దాన్ని వేరే ఇంటికి ఇచ్చేసి తర్వాత బ్రీడరును అడిగితే కేసు సగం బలహీనపడినట్టే. కుక్క మీ దగ్గర ఉండగానే రాతపూర్వకంగా చెప్పాలి.

వినియోగదారుల పరిరక్షణ చట్టం 2019 కొన్నవారికి మరింత అండ. లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం ఈ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. రసీదులో గడువు రాయకపోతే 30 రోజులుగా లెక్క. చెల్లించిన ధర 50 లక్షల రూపాయల లోపు కేసులు జిల్లా కమిషన్ వింటుంది, 5 లక్షల లోపైతే ఫీజు లేదు, ఫిర్యాదుకు రెండేళ్ళ గడువు. వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. ముందు సలహాకు 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. బ్రీడరు లైసెన్సు లేకుండా అమ్మినంత మాత్రాన ఈ చట్టం నుంచి తప్పించుకోలేరు. కానీ ఇవన్నీ లోపమున్నప్పుడు. ఆరోగ్యంగా ఉన్న పిల్ల మాకు కుదరలేదని డబ్బు అడిగితే, ఒప్పందంలో లేనప్పుడు చట్టం ఇప్పించదు.

జరిమానా షరతు సంగతి ఇక్కడ తేలుతుంది. భారత ఒప్పంద చట్టం 1872, 74వ సెక్షన్ ప్రకారం ఒప్పందంలో ఎంత అంకె రాసుకున్నా వచ్చేది దానికి మించని సహేతుకమైన పరిహారమే. నష్టమే లేనిచోట పరిహారం రాదని సుప్రీంకోర్టు 2015లో కైలాశ్ నాథ్ అసోసియేట్స్ కేసులో స్పష్టం చేసింది. అది భూమి వేలం కేసైనా సూత్రం దీనికీ వర్తిస్తుంది. కుక్క మంచి ఇంట్లో హాయిగా ఉంటే బ్రీడరుకు జరిగిన నష్టమేమిటో చూపించడం తేలిక కాదు.

మాట పట్టింపు పెరిగి బ్రీడరు మనుషులను పంపి కుక్కను ఎత్తుకుపోతే పరిస్థితి తిరగబడుతుంది. 1860 నాటి శిక్షాస్మృతిలో దొంగతనాన్ని వివరించే ఉదాహరణల్లో ఒకటి కుక్కదే. జేబులో ఎర పెట్టుకుని ఇతరుల కుక్కను తన వెంట వచ్చేలా చేసినవాడు, దాన్ని కాజేసే ఉద్దేశం ఉంటే, కుక్క వెంట నడవడం మొదలుపెట్టగానే దొంగతనం చేసినట్టు. ఈ ఉదాహరణ 2023 భారతీయ న్యాయ సంహితలోకీ వచ్చింది. అటువైపు, డబ్బిచ్చి కొన్న కుక్కను ఇంకొకరికి ఇచ్చారని కొన్నవారి మీద దొంగతనం కేసు పెట్టమని బ్రీడరు పోలీసుస్టేషనుకు వెళితే అది నిలవదు, సివిల్ తగాదా.

2024 మార్చి 12న కేంద్రం పిట్‌బుల్, రాట్‌వైలర్ సహా 23 జాతుల పెంపకాన్ని, అమ్మకాన్ని ఆపమని రాష్ట్రాలకు రాసిన లేఖ కొత్త చిక్కు తెచ్చింది. భయపడిన యజమానులు కుక్కలను వదిలించుకోవాలనుకున్నారు. ఆ లేఖను కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో కొట్టివేసింది. ఇంట్లో పెరుగుతున్న కుక్కను బయటికి పంపమని ఆ లేఖ కూడా చెప్పలేదు, గర్భనియంత్రణ ఆపరేషన్ చేయించమని మాత్రమే అన్నది.

విదేశాల్లోని తెలుగు కుటుంబాలు

అమెరికాలో ఉంటున్న తెలుగువారికి ఈ వివాదం మరో రూపంలో ఎదురవుతుంది. హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి ఉద్యోగం పోతే మరో దారి చూసుకోవడానికి దొరికే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఇల్లు, కారు, పిల్లల బడి అన్నీ తేల్చుకోవాల్సిన హడావుడిలో ఏడాది కుక్కను స్నేహితులకు ఇచ్చేసి విమానం ఎక్కుతారు. తిరిగి ఇవ్వాలన్న షరతు ఎప్పుడో సంతకం పెట్టిన కాగితంలో ఉండిపోతుంది. స్నేహితులకు ఆ సంగతి తెలియదు, బ్రీడరు నోటీసు మాత్రం వాళ్ళకు వస్తుంది. వెళ్ళే ముందు బ్రీడరుకు ఒక్క ఈమెయిలు రాసి, కొత్త ఇంటివారి పేరు చెప్పి ఒప్పుకోలు తీసుకుంటే ఈ గొడవ ఉండదు. చాలామంది బ్రీడర్లు ఒప్పుకుంటారు కూడా, వాళ్ళను బాధించేది దాచడం.

కుక్కను వెంట తెచ్చుకోవడమూ ఒక దారే. నివాసం మార్చుకుని స్వదేశానికి వచ్చేవారు రెండు పెంపుడు జంతువుల వరకు సామానుతో పాటు తెచ్చుకునే వెసులుబాటు ఉంది. రేబిస్ టీకా, ఆరోగ్య ధ్రువపత్రం, ముందస్తు అనుమతి కావాలి. జంతు క్వారంటైన్ కేంద్రాలున్న నగరాల్లో హైదరాబాదు ఒకటి.

తగాదా వచ్చాక

వెనక్కి తీసుకోననే బ్రీడరు మాట వెనుక ఒక్కోసారి మొండితనం కాకుండా వైద్య కారణం ఉంటుంది. పార్వో వైరస్ నేల మీద, గిన్నెల మీద నెలల తరబడి బతుకుతుంది. బయట తిరిగి వచ్చిన పిల్లను, పాలు తాగే పసికూనలున్న ఇంట్లోకి తెస్తే ఆ ఈత పిల్లలన్నీ పోయే ప్రమాదముంది. అలాంటప్పుడు రెండు వారాలు వేరే చోట ఉంచి, పశువైద్యుడి పరీక్ష అయ్యాక ఇవ్వడానికి ఇద్దరూ ఒప్పుకోవచ్చు. ఆ ఖర్చు ఎవరిదన్నది ముందే తేల్చుకోవాలి. అసలు అమ్మేటప్పుడే ఆ వాక్యం కాగితం మీద ఉంటే ఇంకా మేలు.

కాలం ఇక్కడ కుక్కకు శత్రువు. మనుషులతో, ఇతర జంతువులతో మెలగడం కుక్కపిల్ల నేర్చుకునే వయసు సుమారు 3 నుంచి 14 వారాలు. డబ్బు గురించి నోటీసులు నడుస్తున్న నెలల్లో ఆ వయసు దాటిపోతుంది, ఏడాది నిండిన కుక్కకు ఇల్లు దొరకడం కష్టమవుతుంది. అందుకని డబ్బు సంగతిని, కుక్క ఎక్కడ ఉండాలన్న సంగతిని విడదీయడం మంచిది. కుక్కను ముందు ఇద్దరికీ సమ్మతమైన ఇంటికి చేర్చి, హక్కులు వదులుకోవడం లేదని ఒక కాగితం రాసుకుని, డబ్బు లెక్క తర్వాత తేల్చుకోవచ్చు. ఇచ్చేటప్పుడు టీకా కార్డు, చిప్ నంబరు, ఎవరికి ఏ తేదీన ఇచ్చారో సంతకాలతో ఉన్న కాగితం వెంట వెళ్ళాలి. కుక్క ఎవరినైనా కరిచిన చరిత్ర ఉంటే అది దాచి ఇవ్వడం కొత్తవారికి చేసే ద్రోహం.

బ్రీడరూ తీసుకోక, కొత్త ఇల్లూ దొరక్క విసిగిపోయినవారు చేసే పని ఒకటుంది. కుక్కను కారులో ఊరి బయటికి తీసుకెళ్ళి వదిలేయడం. ఇంట్లో పెరిగిన కుక్కకు వీధిలో తిండి వెతుక్కోవడం తెలియదు, వీధికుక్కలు దాన్ని తమ హద్దులోకి రానివ్వవు. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును వదిలేయడం 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి నేరానికి ఆ చట్టం రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఆ అంకెను చూసి ధైర్యం తెచ్చుకోవద్దని పాఠకులకు మనవి. ఎవరి వల్లా కాకపోతే దగ్గరలోని జంతు సంక్షేమ సంస్థకు ఫోను చేసి, చోటు దొరికేదాకా ఆ కుక్కను ఇంట్లోనే ఉంచుకోండి.